అందరం కలిసి డిజైన్ చేద్దాం అంటున్న ఆర్కిటెక్టులు – ఏం అడిగి తేల్చుకోవాలి?

మిద్దింటి పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టుకున్నవాళ్లు, కట్టించేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది నంద్యాలకు దగ్గర్లో ఒక ఊరు. మా తాత కట్టించిన మట్టిమిద్దె ఉన్న ఆరు సెంట్ల స్థలంలోనే కొత్త ఇల్లు కట్టాలనుకుంటున్నాం. పాతదానికి రెండడుగుల మందం రాతిగోడలు, టేకు దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు (సన్న కొయ్యలు), పైన నీళ్లు దిగకుండా పోసే చవుడు మట్టి. ముందు వసారా కూలిపోయింది. వెనక రెండు అంకణాలు (దూలాల మధ్య భాగాలు) మాత్రం చెక్కుచెదరలేదు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఇంట్లో ఉండేది అమ్మా నాన్నే.

నాన్న మాట ఒకటే. పాతదంతా పడగొట్టాలి, పిల్లర్లు లేపాలి, స్లాబ్ వేయాలి, పైన ఇంకో అంతస్తు వేయాలి. ఆయన్ని తప్పుపట్టలేను. ప్రతి ఏడూ వానలకు ముందు చవుడు తట్టలు మిద్దెమీదికి మోసిన మనిషి. రాత్రిపూట గట్టిగా కురిస్తే కారేచోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ తిరగడం నాకూ గుర్తుంది. "మట్టి మాట మళ్లీ ఎత్తొద్దు" అంటారు. కానీ మా ఊళ్లో ఈమధ్య కట్టిన స్లాబ్ ఇళ్లలో మే నెలలో సాయంత్రం ఏడింటికి లోపల కూర్చోలేకపోతున్నారు. పాత మిద్దెలో కప్పుకున్న గవాక్షి (గాలి, వెలుతురు వచ్చే కంత) తీసి పెడితే ఫ్యాన్ లేకుండా నిద్రపట్టేది. అమ్మ ఆ చల్లదనం కావాలంటుంది.

ఒక స్నేహితురాలి ద్వారా ఒక చిన్న ఆర్కిటెక్టుల బృందం పరిచయమైంది. ఫోన్‌లో వాళ్లు చెప్పింది ఇదీ: ఇంటివాళ్లు, మేస్త్రి, వాళ్లు అందరూ కలిసి కూర్చుని ప్లాన్ తయారుచేస్తారట. దగ్గర్లో దొరికే సామానుతోనే కడతారట. పాత ఇంటిని చూడకుండా పడగొట్టమని చెప్పరట. నాకు బాగా నచ్చింది. నాన్నకు చెబితే, "గీసేది వాళ్ల పని కదా, దానికి మనల్ని కూర్చోబెట్టడమెందుకు? వాళ్లకు రాదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పర్యావరణం, సుస్థిరం అని ఈరోజుల్లో అందరూ రాసుకుంటున్నారు. వీళ్లు నిజంగా అలా పనిచేసేవాళ్లేనా అని ఎలా తెలుస్తుంది? భవనం పర్యావరణానికి ఎంత మంచిదో చెప్పే గ్రీన్ రేటింగ్ లాంటిది ఏమైనా అడగాలా? ఖర్చు ఎక్కువవుతుందా? మొత్తం అప్పు నా పేరు మీదే కాబట్టి టెన్షన్‌గా ఉంది.

సైట్ ఇంజినీర్, కర్నూలు

అమ్మా, నేను ఆర్కిటెక్టును కాదు, సైట్లలో పనిచేసే సివిల్ ఇంజినీర్ని. నంద్యాల చుట్టుపక్కల చాలా ఇళ్ల పని చూశాను కాబట్టి రెండు మాటలు.

ముందు నేల సంగతి. మీ వైపు ఎక్కువగా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైన మట్టి ఇటుక పెట్టినా, సిమెంటు ఇటుక పెట్టినా, పునాది సరిగా లేకపోతే గోడ చీలుతుంది. గట్టి గరుసు తగిలేదాకా తవ్వాలి. అది మరీ లోతులో ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) నేలలోకి దింపి, వాటి మీద గోడలు మోసే ప్లింత్ బీమ్ వేయాలి. ఏ ఆర్కిటెక్టు వచ్చినా మొదట గుంత తీయించి నేల చూడాలి. మొదటి మీటింగులో గోడల రంగు గురించి మాట్లాడి నేల ఊసే ఎత్తకపోతే వాళ్లు వద్దు.

రెండోది బ్యాంకు. లోన్‌కి అనుమతి వచ్చిన ప్లాను, ఇంజినీరు ఇచ్చిన ఎస్టిమేట్ అడుగుతారు. మామూలుగా వాడని పద్ధతులుంటే వాల్యుయేషన్‌కి వచ్చినవాళ్లు ప్రశ్నలు వేస్తారు. అందుకే స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో డ్రాయింగులు ఇస్తారా అని ఇప్పుడే అడగండి. ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగి చూసుకోండి. ఇందులో మొహమాటపడొద్దు.

కలిసి డిజైన్ చేయడం గురించి నాకున్న అనుమానం ఒకటే. పదిమంది కూర్చుంటే పది మాటలొస్తాయి, సైట్లో పని ఆగుతుంది. చివరి మాట ఎవరిదో ముందే తేల్చుకోండి.

అనంతపురం ఆర్కిటెక్ట్

మిద్దింటి పిల్లగారూ, మాదీ ఇలాంటి చిన్న ఆఫీసే, అనంతపురంలో. మీరు చెప్పిన బృందం మేము కాదు, వాళ్లెవరో నాకు తెలియదు. కాబట్టి మేమెలా పనిచేస్తామో చెబుతాను. దాన్నిబట్టి వాళ్లను ఏం అడగాలో మీకే తెలుస్తుంది. ఇంజినీర్ గారు చెప్పిన పునాది మాట అక్షరాలా నిజం, దాని తర్వాతే నేను చెప్పేవన్నీ.

మీ నాన్నగారు వేసిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. గీయడం మాకు వచ్చు. కానీ మధ్యాహ్నం రెండింటికి మీ అమ్మగారు ఎక్కడ నడుం వాలుస్తారో మాకు రాదు. శనగలు ఇంటికొచ్చినప్పుడు బస్తాలు ఎక్కడ పెడతారో, పండక్కి ఎంతమంది దిగుతారో, మీ ఊరి మేస్త్రి ఏ పని కళ్లు మూసుకుని చేస్తాడో, ఏ పనికి తడబడతాడో కూడా రాదు. ఇవి తెలియకుండా గీసిన ప్లానులో ఇల్లు పూర్తయ్యాక గోడలు పగులగొట్టడం, మళ్లీ కట్టడం మామూలే. ఆ పగిలిన ఇటుక, ఆ రెండోసారి పోసిన సిమెంటు కన్నా పెద్ద దుబారా ఇంటి పనిలో ఇంకోటి లేదు. కూర్చోబెట్టడం మర్యాద కోసం కాదు, పని కోసం.

మేము కాగితం మీద ప్లాన్ ఖాయం చేయం. రఫ్‌గా రెండు మూడు రకాలు గీశాక, సైట్లో మేస్త్రితో అసలు కొలతలకే ముగ్గు పోయిస్తాం. తాడు కట్టి, గోడ వచ్చే ప్రతిచోటా ముగ్గు గీత. తలుపు వచ్చేచోట గీత ఆపేస్తాం. ఇంటివాళ్లందరినీ ఆ గీతల మధ్య నడవమంటాం. మంచం పట్టుకొచ్చి పడగ్గదిలో వేయిస్తాం, పొయ్యి ఉండేచోట స్టూలు పెడతాం. పోయిన వేసవిలో ధర్మవరం వైపు ఒక ఇంటికి ఇలాగే చేస్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ వంటగది గీతల్లో నిలబడి అటూ ఇటూ తిరిగి చూసి, "వీధిలో ఎవరు పోతున్నారో నాకు ఈడ నుంచి కనపడదు" అంది. రోజంతా ఆమె ఉండేది వంటింట్లోనే. మేస్త్రి అక్కడికక్కడే కాలితో ముగ్గు చెరిపి, కిటికీని మూల నుంచి మధ్యకు జరిపాడు. మా డ్రాయింగులో ఆ కిటికీ గాలి కోసం పెట్టాం. జరిపితే గాలి తగ్గుతుందేమో అన్నాం. ఎదురుగోడకు పైన ఇంకో చిన్న కిటికీ పెడితే సరిపోతుందని కూడా మేస్త్రే చెప్పాడు. సరిగ్గా అలాగే కట్టాం. ఒక గంట పని, అరబస్తా ముగ్గు. అదే గోడ లేచాక అయితే ఎంతయ్యేదో ఆలోచించండి.

ఆ రోజు మేస్త్రికి కూలి ఇస్తాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నేను మిమ్మల్ని మొదట అడగమనేది ఇదే: "డిజైన్ దశలో మేస్త్రి వచ్చి కూర్చుంటే అతని రోజుకూలి ఎవరిస్తారు?" కలిసి చేస్తాం అని చెప్పేవాళ్లు ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే, మేస్త్రి వాళ్ల ఫొటోల్లో మాత్రమే ఉంటాడని అర్థం.

రెండో ప్రశ్న ఫీజు. ఇంటి ఖర్చులో ఇంత శాతం అని ఫీజు పెట్టుకోవడం మా వృత్తిలో మామూలు. అందులో తప్పు లేదు. కానీ ఇల్లు పెద్దదయ్యేకొద్దీ, సామాను ఖరీదయ్యేకొద్దీ ఫీజు పెరుగుతుంది. తక్కువ కట్టుకోండి అని చెప్పాల్సిన మనిషికి ఎక్కువ కడితేనే లాభం అన్నమాట. అందుకే మేము చేసే పనికి ఇంత అని మొత్తం ముందే రాసుకుంటాం. ఇల్లు చిన్నదైనా అదే. టైల్స్ షాపు, శానిటరీ షాపు దగ్గర కమీషన్ తీసుకోం, అది కూడా కాగితం మీద రాసిస్తాం. మీరూ అడగండి. నిజాయితీగా పనిచేసేవాళ్లు ఈ మాటకు నొచ్చుకోరు.

ఇక సుస్థిరత సంగతి. నా దృష్టిలో అది మట్టితో మొదలుకాదు. ఏది కట్టకుండా ఉండొచ్చు అన్నదానితో మొదలవుతుంది. పై అంతస్తు ఎవరికోసం? అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, మోకాళ్ల నొప్పులు రాబోయే వయసు. పునాదినీ, కింది గోడల్నీ రేపు పైన వేసుకునేలా ఇప్పుడే లెక్కగట్టించి, ప్రస్తుతానికి కింద మాత్రమే కట్టుకోవచ్చు. అలా మిగిలే సిమెంటు, స్టీలు ఏ పర్యావరణ పద్ధతీ మిగల్చలేదు. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా కాలిన బొగ్గు నుంచి కాదు, సున్నపురాయి లోంచే వస్తుంది. అది ఆ రాయి గుణం, కొలిమి ఎంత బాగున్నా ఆగదు. మన నంద్యాల, కడప జిల్లాల నిండా సిమెంటు ఫ్యాక్టరీలే కాబట్టి దగ్గర సామానే కదా అనిపిస్తుంది. దగ్గరిది అయినంత మాత్రాన తక్కువ నష్టం అని కాదు.

తర్వాత పాత మిద్దె. ఆ రెండు అంకణాలు చెక్కుచెదరలేదంటున్నారు. రాతిగోడలు మట్టి అడుసుతో కట్టినవా, సున్నంతోనా అన్నది చూడాలి. మట్టి అడుసైతే వాటి మీద స్లాబ్ బరువు ఊరికే పెట్టకూడదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. చవుడు తీసేస్తే గోడల మీద బరువు బాగా తగ్గుతుంది. ఆ టేకు దూలాలు, దంతెలు బాగుంటే వాటిమీదే పెంకులు వేసి వసారాగా, ధాన్యం గదిగా వాడుకోవచ్చు. ఆ రెండడుగుల గోడను పడమటి ఎండకు అడ్డంగా ఉంచుకుని, కొత్త గదులు దాని చాటున పెడితే మీ అమ్మగారు అడిగిన చల్లదనంలో సగం వచ్చేసినట్టే.

ఇప్పుడు మీ నాన్నగారి గురించి. దయచేసి ఈ మాట ఆయనకు చదివి వినిపించండి. మట్టి ఇల్లు ఎంత బాగుంటుందో అని ఎవరైనా ఆయనకు పాఠం చెప్పబోతే, వాళ్లను నేనైతే నమ్మను. చవుడు మోసింది ఆయన. కారే ఇంట్లో పిల్లల్ని పెంచింది ఆయన. ఆయన అనుభవాన్ని పక్కనబెట్టి చేసే డిజైను పర్యావరణానికి మంచిదైనా ఇంటికి మంచిది కాదు. ఆ ఇంట్లో ఆయన పదేళ్లలోపే ఏదో ఒకటి పగులగొట్టి మారుస్తారు.

దీనికి పెద్ద ఉదాహరణ ఈజిప్టులో ఉంది. 1940ల్లో హసన్ ఫతీ అనే గొప్ప ఆర్కిటెక్టు లక్సర్ ఎదురుగా నైలు పడమటి ఒడ్డున కొత్త గుర్నా అనే ఊరు కట్టాడు. అంతా మట్టి ఇటుక, దక్షిణాన ఉన్న నూబియా ప్రాంతపు మేస్త్రిల చేతి వాటంతో లేపిన కమానులు, గుమ్మటాలు. చూడ్డానికి ఎంతో అందంగా ఉండేది, ఎండకు చల్లగా ఉండేది. కానీ పాత గుర్నా జనం పురాతన సమాధుల పైన బతుకుతున్నవాళ్లు, వాళ్లను అక్కడి నుంచి కదిలించాలన్నది ప్రభుత్వం కోరిక. అప్పట్లో వాళ్లు కదలలేదు. ఊరు సగంలో ఆగిపోయింది, చాలా ఇళ్లు ఖాళీగా మిగిలాయి. ఫతీకి మనుషుల మీద ప్రేమ లేక కాదు, ఒక్కో కుటుంబంతో మాట్లాడి కట్టాలన్నదే ఆయన తపన. కానీ వెళ్లాలా వద్దా అన్న మొదటి నిర్ణయంలోనే ఆ జనం లేరు. కలిసి చేయడం మొదటి రోజు నుంచీ లేకపోతే తర్వాత ఎంత చేసినా లాభం లేదని నేను నేర్చుకున్నది అక్కడే.

మనకు దగ్గర్లో బాగా నిలిచిన ఉదాహరణ తిరువనంతపురంలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1989లో భారత పౌరసత్వం తీసుకుని, 2007లో పోయేదాకా కేరళలోనే పనిచేశారు. ఐదు మైళ్లలోపు దొరికే సామానుతో ఇల్లు కట్టాలన్న గాంధీ మాటను జీవితమంతా పట్టుకున్న మనిషి. ఆఫీసులో కూర్చుని గీసి పంపడం కాకుండా సైట్లో మేస్త్రిల పక్కన నిలబడి, చేతిలో ఉన్న కాగితం ముక్క మీద గీసి చూపించేవారు. అక్కడ ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ భవనాలు వీలైతే ఒకసారి చూడండి. కొండ వాలును చదును చేయలేదు, చెట్లు కొట్టలేదు, గోడలే వంపు తిరుగుతాయి. గోడల్లో ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీలు కట్టారు, గాలి వస్తుంది, ఎండ రాదు. అయితే నాకు వాటన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వేరే ఉంది. 1985లో కేరళ మాజీ ముఖ్యమంత్రి అచ్యుతమేనన్, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ లాంటివాళ్లతో కలిసి, తక్కువ ఖర్చులో ఇళ్లు కట్టే కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ పెట్టారు. ఆ పని బేకర్‌తో ఆగిపోలేదు. ఆ పద్ధతి తెలిసిన మేస్త్రిలు, ఇంజినీర్లు కేరళలో ఇప్పటికీ కడుతున్నారు. పని మరో చేతికి అందించడం కూడా డిజైనులో భాగమే.

ఆయన వాడిన రెండు పద్ధతులు మీకు పనికొస్తాయి. ఒకటి ర్యాట్ ట్రాప్ గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, తొమ్మిదంగుళాల గోడ మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పాతిక శాతం తగ్గుతాయి, ఆ ఖాళీ గాలి వేడిని ఆపుతుంది. రెండోది ఫిల్లర్ స్లాబ్. స్లాబ్ కింది భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ ఉన్న స్టీలే లాగుడును మోస్తుంది. అందుకని కమ్మీల మధ్య గళ్లలో మంగళూరు పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు ఆదా, బరువూ తగ్గుతుంది. ఇది స్లాబే, మీ నాన్నగారు అడిగిన స్లాబే. చవుడు అక్కర్లేదు, కారదు.

ఒక అంతస్తు ఇంట్లో వేడి ఎక్కువగా దిగేది పైకప్పు నుంచే. మీ ఊళ్లో కొత్త ఇళ్లు సాయంత్రానికి కాలిపోవడానికి కారణం అదే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, రాత్రి లోపలికి వదులుతుంది. పైన పగిలిన తెల్ల టైలు ముక్కలు పరిచినా, ఏటా తెల్ల సున్నం కొట్టినా తేడా మొదటిరోజే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రేటింగుల కన్నా ముందు ఇది చేయించండి.

రేటింగ్ అడిగారు కదా. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటర్ లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగులో అన్నిటికన్నా పైదైన ప్లాటినం, అమెరికా బయట వచ్చిన మొదటి భవనం, మన దేశంలో ఆ కదలికకు అది పెద్ద ఊపు. ఆఫీసులకు, ఆస్పత్రులకు రేటింగ్ మంచిదే, కరెంటూ నీళ్లూ కొలిచే అలవాటు వస్తుంది. ఆరు సెంట్లలో కట్టే ఇంటికి ఆ డబ్బు పునాదికి పెట్టండి. రేటింగ్ కావాలా అని కాకుండా, "మీరు ఐదేళ్ల కిందట కట్టిన ఇల్లు ఒకటి చూపిస్తారా, మీరు లేకుండా మేమే వెళ్లి మాట్లాడొచ్చా" అని అడగండి. మే నెలలో, మధ్యాహ్నం వెళ్లండి.

ఖర్చు. సామాను తగ్గుతుంది, కూలి పెరుగుతుంది. పని తెలిసిన మేస్త్రి దొరికితే మామూలు ఇంటికన్నా కాస్త తక్కువో సమానమో అవుతుంది. దొరక్కపోతే ఎక్కువవుతుంది. ఇంతకన్నా గట్టిగా ఎవరైనా చదరపు అడుగుకు ఇంత తగ్గుతుంది అని ఫోన్‌లోనే చెబితే జాగ్రత్త.

మిద్దింటి పిల్ల

మేడమ్, చాలా థ్యాంక్స్. ఇంజినీర్ గారికి కూడా. మీ జవాబు నిన్న రాత్రి ఫోన్‌లో నాన్నకు మొత్తం చదివి వినిపించా. చవుడు దగ్గర ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ ముగ్గు పోసేది మనకూ పోస్తారా" అని అడిగారు.

ఇంకో రెండు సందేహాలు. మా పెద్దనాన్న వాస్తు గట్టిగా పట్టించుకుంటారు. పెద్ద పడగ్గది నైరుతిలోనే ఉండాలంటారు. అది పడమటి ఎండ పడే మూల కదా? ఇంకోటి, మా స్థలంలో తవ్విన మట్టితోనే ఇటుకలు చేయించొచ్చని ఒక వీడియోలో చూశా. అది మా నల్లమట్టితో అవుతుందా?

తాడిపత్రి మేస్త్రి

చెల్లెమ్మా, ఇటుక సంగతి నేను చెబుతా. మా నాయన మిద్దెలు కట్టినాడు, నేను ర్యాట్ ట్రాప్ కూడా కడతా.

నల్లమట్టితో ఇటుక వద్దు. అది ఎండితే చీలుతుంది. ఒక గాజు సీసాలో సగం మట్టి, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పేసి బాగా కుదిపి పెట్టి చూడు. ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది, దాని మీద ఒండ్రు, బంక మట్టి అన్నిటికన్నా చివర. మీ మట్టిలో బంకే ఎక్కువ కనపడుతుంది. మిషన్‌లో నొక్కే మట్టి ఇటుకకు సగం దాకా ఇసుక ఉండాల, దానికి ఐదు శాతం సిమెంటు కలుపుతారు. బంక ఎక్కువుండే మట్టికి సిమెంటు పనిచేయదు, సున్నం కలపాల. అంత తంటా ఎందుకు, ఎర్రమట్టి దొరికేచోటు ఉంటే సరే, లేకపోతే బూడిద ఇటుక తెచ్చుకో. ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటు ఉంది, ఆ బూడిదతో చేసేవాళ్లు మీ వైపుకు కూడా వేస్తారు.

ర్యాట్ ట్రాప్ కట్టేటప్పుడు మూలల్లో, తలుపు కిటికీ పక్కల, కిటికీ అడుగు వరస, స్లాబ్ కింద వరస ఖాళీ లేకుండా గట్టిగా కట్టాల. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో ముందే చెబితే గోడ కట్టేటప్పుడే ఆ సందులో దింపుతాం. గోడ లేచినాక గాడి కొడితే ఇటుక పగులుతుంది. ఎలక్ట్రీషియన్‌ని కూడా ముగ్గు రోజే పిలవమను. పెంకులు స్లాబ్‌లో పెట్టేముందు నీళ్లలో నానబెట్టాల, లేకపోతే కాంక్రీటు నీళ్లు పెంకు తాగేస్తుంది.

ఇంకో మాట ఆ ఆర్కిటెక్టులకు చెప్పు. మాకు పుస్తకం మందం డ్రాయింగులు వద్దు. ఒక గోడకు ఒక కాగితం, ఇటుక వరసలు లెక్కపెట్టేటట్టు గీసిస్తే చాలు. కొత్త పని చేయిస్తే మొదటి నాలుగు రోజులు పని మెల్లగా సాగుతుంది, ఆ రోజులకు రోజుకూలి లెక్కన ఇవ్వాల. చదరం లెక్కన కాంట్రాక్టు ఇచ్చి కొత్త పని చేయమంటే మేస్త్రి తొందరపడతాడు, గోడ చెడుతుంది. నాకు పని నేర్పిన ఒక ఆర్కిటెక్టమ్మ పక్కన నిలబడి మొదటి మూడు వరసలు నాతో కలిసి కట్టింది. ఆమె పిలిస్తే యాడికైనా పోతా నేను.

పాత టేకు దూలాలు ఎవరికీ అమ్మొద్దు. కొనేవాళ్లు వస్తారు ఇంటికి, బేతంచర్ల బండలతో సహా అడుగుతారు. పోతే మళ్లీ ఆ కట్టె దొరకదు.

అనంతపురం ఆర్కిటెక్ట్

మేస్త్రి గారూ, మీరు చెప్పిన రోజుకూలి మాట ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. కొత్త పద్ధతి చెడిపోయిందని జనం అనుకునే చోట చాలాసార్లు చెడింది కూలి లెక్కే.

వాస్తు గురించి. ఇంట్లోవాళ్ల నమ్మకాన్ని మేము కొట్టేయం, అది కూడా మాకిచ్చిన కొలతల్లో ఒకటి. నైరుతి గది పడమటి గోడ పొడవునా బీరువాలు, బట్టల అలమరలు పెట్టించండి. ఎండ గోడకు, మంచానికి మధ్య అవి అడ్డం ఉంటాయి. కిటికీ దక్షిణానికి పెట్టి పైన రెండడుగుల సన్‌షేడ్ ఇవ్వండి. ఎండాకాలంలో దక్షిణపు సూర్యుడు నెత్తిమీద ఉంటాడు కాబట్టి ఆ సన్‌షేడ్ సరిపోతుంది. పడమటి ఎండే వాలుగా లోపలికి వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. గోడ అవతల వేప, కానుగ లాంటి చెట్టు కాస్త దూరంగా పెట్టండి. మరీ దగ్గరైతే నల్లరేగడిలో వేళ్లు తేమ లాగి పునాది కింద నేల కుంచించుకుపోతుంది.

వాన నీళ్ల గురించి ఎవరూ అనలేదు. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే, కొంత పోయినా 50 వేల లీటర్ల పైనే పట్టుకోవచ్చు. ఒక సంపు, ఒక వడపోత, పైపుల వాలు ముందే ప్లాన్‌లో ఉంటే చాలు. ఇంకుడు గుంత మాత్రం నల్లరేగడిలో గోడలకు దూరంగా తీయండి.

ఇంజినీర్ గారు అడిగిన చివరి మాట ఎవరిదన్న ప్రశ్నకు మా పద్ధతి చెబుతా. బలానికి సంబంధించింది స్ట్రక్చరల్ ఇంజినీరుదే చివరి మాట, అక్కడ ఓట్లు లేవు. ఇంట్లో ఎలా బతకాలన్నది ఇంటివాళ్లది. ఎలా కట్టాలన్నది మేస్త్రి, మేము కలిసి. ఈ మూడూ కలగలిసినప్పుడే సైట్లో పని ఆగుతుంది. మొదటి మీటింగులోనే విడగొట్టుకుంటే ఆగదు.

మిద్దింటి పిల్ల

మేస్త్రి అన్నా, దూలాలకు ఇప్పటికే ఇద్దరు బేరానికి వచ్చారట, నాన్న చెప్పారు. ఇవ్వొద్దని గట్టిగా చెప్పా. సీసా పరీక్ష కూడా అమ్మ చేసింది. మీరన్నట్టే, బంకమట్టి మూడొంతులు.

ఆ బృందానికి ఈరోజు ఫోన్ చేసి మేస్త్రి కూలి, ఫీజు, కమీషన్, పాత ఇల్లు చూపించడం, అన్నీ అడిగా. కూలి తమ ఫీజులోంచే ఇస్తామన్నారు. ఫీజు మొత్తంగానే తీసుకుంటారట. నాలుగేళ్ల కిందట కట్టిన ఇల్లొకటి కడప దగ్గర ఉందట, ఇంటివాళ్ల నంబరు ఇచ్చారు. అమ్మా నాన్నా వచ్చే ఆదివారం మధ్యాహ్నం వెళ్తున్నారు. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం గురించి రాసి పంపుతామన్నారు, అది రావాలి.

నాన్న ఒక షరతు పెట్టారు. స్లాబ్ పూర్తయ్యాక దానిమీద మడి కట్టి నీళ్లు నిలబెట్టి, కింద నుంచి ఆయనే చూస్తారట. ఒక్క చుక్క దిగినా చివరి విడత డబ్బు ఇవ్వనని అగ్రిమెంటులో రాయాలట. ఇలా అడగొచ్చా మేడమ్? వాళ్లు ఏమైనా అనుకుంటారా?

అనంతపురం ఆర్కిటెక్ట్

తప్పకుండా అడగండి. క్యూరింగ్‌కి (కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి) ఎలాగూ మడి కడతారు కాబట్టి వాళ్లకు అదనపు పని కూడా కాదు. ఎన్ని రోజులు నిలబెట్టాలో, పెంకుల అతుకుల దగ్గర తడి మచ్చ కనిపిస్తే ఎవరు, ఎంత గడువులో సరిచేయాలో కూడా పక్కనే రాయించండి. వాటర్‌ప్రూఫింగ్, తెల్ల టైలు ముక్కల పని ఆ పరీక్ష తర్వాతే మొదలుపెట్టమని చెప్పండి, ముందే కప్పేస్తే ఏమీ కనపడదు. సంతకాల్లో మీ నాన్నగారిది కూడా పెట్టించండి.